కీర్తన ఇవ్వాలా, రాగం ఇవ్వాలా?

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 31 ఏళ్లు. అక్కడి మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, ఇంటి దగ్గర 14 మంది పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. ఒక్కొక్కరి నుంచి 600 చొప్పున నెలకు 8,400 రూపాయలు వస్తాయి. భర్తకు శ్రీకాకుళంలో ఉద్యోగం. అత్తగారు వీరితోనే ఉంటారు. ఏడాది కిందట ఆమె శుభపంతువరాళి రాగంలో ఒక త్యాగరాజ కీర్తన వాయించి, మృదంగం మీద తన సహాధ్యాయి సహకరించగా, ఆ వీడియోను యూట్యూబ్‌లో పెట్టారు. పోయిన నెల అమెరికాలోని పోర్ట్‌లండ్ నుంచి ఒక యువతి దానిని విని ఈమెకు రాసింది. తాను స్ట్రిప్ క్లబ్బులో నర్తకినని దాచకుండా చెప్పింది. మాటలున్న పాట పెడితే జనం పాటతో గొంతు కలుపుతారు గాని తన నృత్యాన్ని చూడరని, అందుకే వాద్య సంగీతం కోసం వెతుకుతున్నానని, ఈ కీర్తనను తన ప్రదర్శనకు వాడుకోనివ్వాలని, వీలైతే మరో రెండు ట్రాకులు చేసి ఇవ్వాలని కోరింది. మూడింటికీ కలిపి 300 డాలర్లు ఇస్తానంది.

భర్త మొదట ఏమీ అనలేదట. మర్నాడు మాత్రం, "జాతరలో రికార్డింగ్ డ్యాన్సుకు పాటలు వేసేవాడికీ నీకూ తేడా ఏమిటి?" అని అడిగారట. అత్తగారికి, గురువుగారికి ఇంకా తెలియదు. "డబ్బు అవసరమే. కాని నన్ను తినేస్తున్నది డబ్బు సంగతి కాదు. ఏటా శ్రీరామనవమికి రామతీర్థంలో వాయిస్తాను. అదే కీర్తన అక్కడా మోగి, ఇక్కడా మోగితే నేను ఎవరిని మోసం చేసినట్టు? ఒకవేళ చేయాలనుకుంటే అలాంటి నాట్యానికి ఏ సంగీతం ఎంచాలో కూడా నాకు తెలియదు. వద్దంటే ఆ అమ్మాయిని నీచంగా చూసినట్టవుతుందేమోనని అదొక బాధ" అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం, ఆ యువతి మిమ్మల్ని అడగడం. నెట్‌లో దొరికిన సంగీతాన్ని చడీచప్పుడు లేకుండా దింపుకుని వాడేసుకునేవాళ్లు ఎంతోమంది ఉన్న రోజుల్లో, ఆమె తన వృత్తి ఏమిటో ముందే చెప్పి, సంగీతం మీదని ఒప్పుకుని, వెల కట్టి అడిగింది. మీ సమాధానం అవునైనా కాదైనా, ఆ మర్యాదకు సరితూగే మర్యాద మీ జవాబులో ఉండాలి. మీ చివరి వాక్యం చూస్తే ఆ మర్యాద మీలో ఉన్నదనే నాకు అనిపించింది.

మీ వారు అడిగిన ప్రశ్నను కోపంతో తోసిపుచ్చకండి, అది మంచి ప్రశ్న. నేనూ గజపతినగరం వైపు పల్లెలో పెరిగినదాన్నే. పదేళ్ల వయసులో ఒక జాతర రాత్రి, నిద్ర ఆపుకోలేక వేదిక వెనక్కి వెళ్లి కూర్చున్నాను. అక్కడ పద్దెనిమిదేళ్లు కూడా ఉండని ఒక అమ్మాయి, గజ్జెల తోలు ఒరుసుకుని పుండైన చోట గుడ్డపేలిక చుట్టుకుంటూ, క్యాసెట్లు మార్చే అతనితో "అన్నా, ఆ పాట మాత్రం వద్దన్నా" అని రెండుసార్లు అంది. అతను తలెత్తలేదు. ముందు వరుసలో ఎవరో పది రూపాయల నోటు ఊపుతున్నారు, ఆ నోటు కోరిన పాటే మోగింది. ఆ అమ్మాయి లేచి, ముఖం తుడుచుకుని వేదిక ఎక్కింది. ఆ రాత్రి జరిగిన అన్యాయం ఆమె ఒంటి మీది బట్టల్లో ఉందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఏ పాటకు ఆడాలో చెప్పే హక్కు ఆమెకు లేకపోవడంలో ఉంది.

మీకు ఉత్తరం రాసిన యువతి తన పాటను తానే ఎంచుకుంటోంది. తేడా ఏమిటని మీ వారు అడిగినదానికి నేను చూపగలిగిన తేడా ఇది. అయితే దీనిని మరీ పెద్దది చేసి చెప్పను. అమెరికాలో ఈ నర్తకులలో చాలామంది క్లబ్బు జీతం మీద కాక చూడవచ్చినవాళ్లు ఇచ్చే డబ్బు మీద బతుకుతారు. చాలాచోట్ల వేదిక ఎక్కనిచ్చినందుకు క్లబ్బుకే ఎదురు రుసుము కడతారు. కాబట్టి ఆమె ఎంపిక మీద కూడా ముందు వరుసలోని నోటు నీడ కొంత పడుతూనే ఉంటుంది. చట్టం మాటకొస్తే, ఆమె ఉన్న ఒరెగాన్ రాష్ట్రంలో ఇది బాహాటంగా నడిచే వృత్తి. అశ్లీల ప్రచురణలను నేరంగా చూసే చట్టం భావప్రకటన హక్కుకు విరుద్ధమని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1987లోనే కొట్టివేసింది. మన జాతర రాత్రిలా పోలీసు ఈల వినబడగానే దీపాలార్పుకుని పరుగెత్తే పరిస్థితి అక్కడ లేదు.

ఇక మీ సంగీతం సంగతి. శృంగారానికి మన సంగీతం కొత్తదేమీ కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. క్షేత్రయ్య పదాలు, ఖమాస్, బెహాగ్, కాపి రాగాలలోని జావళీలు మీరు పాఠంగా నేర్చినవే. వాటిని తరతరాలుగా కాపాడి, ఆడి, పాడి మన చేతికి ఇచ్చినవాళ్లు దేవదాసీ, కళావంతుల ఇళ్ల స్త్రీలు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం చేసేనాటికి మన జిల్లాలూ ఆ రాష్ట్రంలోనివే. ఆడపిల్లలను దేవుడి పేరిట అంకితం చేయడం ఆగడం న్యాయమే. కాని ఆ ఇళ్ల జావళీలను సభల్లో కూర్చుని మెచ్చుకుంటూ, ఆ ఇళ్ల ఆడవాళ్ల పేరెత్తడానికి మొహమాటపడటం మన సంగీత లోకంలో చాలాకాలం సాగింది. ఆ మొహమాటం ఇప్పుడు పోర్ట్‌లండ్ అమ్మాయి దగ్గర మీకు తిరిగి ఎదురైంది. నర్తకికి సంగీతం ఇవ్వడం సంగీతానికి తక్కువతనం అనుకుంటే మన బాణీల్లో సగం మిగలవు.

అలాగని కీర్తనను ఇచ్చేయమని నేను అనలేను. రాగం ఎవరి సొత్తూ కాదు. కీర్తన మాత్రం ఒకరు ఒకరితో అన్న మాట. మీరు వాయించినది రాముణ్ని నిలదీసి వేడుకునే మాట. వయొలిన్ మీద సాహిత్యం వినబడదు కదా, అక్కడివాళ్లకు ఎలాగూ తెలియదు కదా అని మీకు మీరు సర్దిచెప్పుకోవచ్చు. కాని మీ వేళ్లకు తెలుసు. కృతి వాయించేటప్పుడు పదం ఎక్కడ విరుగుతుందో అక్కడ కమాను తిప్పమని, మాట మధ్యలో తిప్పవద్దని గురువులు కొట్టినంత పని చేసి నేర్పుతారు. మీ రికార్డింగులోని ప్రతి కమాను మలుపులోనూ ఆ సాహిత్యం ఉంది. ఇది అక్కడి శ్రోతకు కలిగే నష్టం కాదు, నర్తకికి అంటుకునే మైలా కాదు. రేపు రామతీర్థంలో అదే కీర్తన ఎత్తుకున్నప్పుడు మీ మనసు రెండు చోట్ల ఉంటుందా అన్నది ప్రశ్న. ఉండదని మీకు నిజంగా అనిపిస్తే ఇవ్వండి, త్యాగరాజస్వామి 1847లోనే సిద్ధి పొందారు గనుక కాపీరైటు అడ్డు కూడా లేదు. కాని మీరే ఉత్తరంలో "మోసం" అనే మాట వాడారు. ఆ మాట వాడిన మనిషి ఆ రికార్డింగు పంపి నిశ్చింతగా ఉండగలదని నేను నమ్మను.

పైగా ఆ రికార్డింగు మీ ఒక్కరిదీ కాదు. మృదంగం వాయించిన మీ సహాధ్యాయి పేరు ఉత్తరంలో ఒక్కసారే వచ్చింది, ఆయన అనుమతి మాట అసలు రాలేదు. ఏ దారి తీసుకున్నా, ఆయనను అడగకుండా ఆ ఫైలు పంపడం మాత్రం తప్పు. ఆయన వద్దంటే ఆ చర్చ అక్కడితో ముగిసినట్టే.

వద్దని జవాబివ్వడం కూడా మర్యాదైన దారే, అందులో ఆమెను నీచపరచడం ఏమీ లేదు. "ఇది మా ఇంట్లో పూజగా పాడుకునే పాట, వేరే సందర్భానికి ఇవ్వలేను" అంటే అర్థం చేసుకోలేని మనిషిలా ఆమె ఉత్తరం లేదు. మీ వృత్తి చెడ్డది గనుక ఇవ్వనని చెప్పడం వేరు, ఈ పాట ఇచ్చేది కాదని చెప్పడం వేరు. మొత్తం పని వద్దనుకుంటే మూడు నెలల పాఠాల సంపాదన, ఇరవై అయిదు వేలు, పోతుంది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పుకోవలసిన పని ఉండదు. ఆ ప్రశాంతతకు అంత విలువ కడతారా అన్నది మీ ఇంటి లెక్క, నేను వేయలేను.

మూడో దారి, కీర్తనను పక్కన పెట్టి ఆమె కోసమే కొత్తగా చేయడం. నా మొగ్గు ఇటువైపు. అయితే ఈ పని చూడటానికి ఉన్నంత తేలిక కాదు, కచేరీలో మెప్పించే గుణాలు కొన్ని ఇక్కడ పనికిరావు.

అక్కడి క్లబ్బుల్లో నర్తకి సాధారణంగా వరసగా రెండు మూడు పాటలకు ఆడి దిగుతుంది. మొదటిదానికి నిండా దుస్తులతో వేదికంతా నడుస్తుంది, తర్వాతివాటిలో ఒక్కొక్కటే విడుస్తుంది. డీజే ఒక్కో పాటను మూడు నిమిషాల దగ్గర తుంచేయడం మామూలే. కాబట్టి మీరు మూడు ట్రాకులు విడివిడిగా ఆలోచించవద్దు, ఒకే కచేరీలోని మూడు అంశాలుగా చూడండి. నర్తకులు అడుగును ఎనిమిదిలో లెక్కపెడతారు. మీ ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు, ఉండటం ఇక్కడ అదృష్టం. ఏడు, అయిదు లెక్కల మిశ్రచాపు, ఖండచాపు తాళాలు ఎంత అందంగా నడిచినా ఆమె కాలు తడబడుతుంది, ముట్టుకోకండి. ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, కూడా సమంలోనే, తాళం మొదటి దెబ్బ మీదే పెట్టండి. అర్ధాక్షరం దాటి ఎత్తుకుంటే మనకు సొగసు, ఒకటి రెండు అని లెక్కపెట్టుకునే ఆమెకు గందరగోళం. నడకకు నిమిషానికి 96 అక్షరాల కాలప్రమాణం తీసుకుంటే ఒక్కో ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు తిరగడానికి, 5 సెకన్లు, మూడు నిమిషాలకు 36 ఆవర్తనాలు. రెండోదానికి 72కి దింపితే మూడు నిమిషాల్లో 27 ఆవర్తనాలే వస్తాయి. స్తంభం పట్టుకుని మెల్లగా తిరిగేవాళ్లకు ఆ విళంబంలోనే ఒళ్లు నిలుపుకునే వ్యవధి దొరుకుతుంది. మూడోది ఏ కాలంలో ఉండాలో ఆమెనే అడగండి.

ఆలాపన మీ బలమని ఆ వీడియో చూస్తే తెలుస్తుంది. కాని తాళం లేని ఆలాపన నిమిషంపాటు సాగితే వేదిక మీద మనిషికి ఎప్పుడు కదలాలో తెలియదు. ఆమె తెర వెనుక నుంచి వచ్చి నిలబడేందుకు ఒక 15 సెకన్లు చాలు. తర్వాత లయ పడాలి.

రాగం గురించి. శుభపంతువరాళిలోని విషాదం ఆమెను కదిలించింది నిజమే, కాని దాని స్వరాల మధ్య దూరాల వల్ల కింద గిటారు, బేస్ తోడు స్వరాలు (కార్డ్స్) కూర్చడం కష్టం, బలవంతాన కూర్చితే రాగం విరుగుతుంది. ఆ విషాదానికి దగ్గరగా ఉంటూ అక్కడి చెవికి ఇట్టే అందేది కీరవాణి. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనేది సరిగ్గా అవే స్వరాలు. నటభైరవి కూడా అలాంటిదే. మొదటి నడక ట్రాకుకు కాపినో ఖమాసునో తీసుకుని జావళీ పోకడలో చిన్న బాణీ కట్టండి. ఆ రాగాలు ఈ పనికి కొత్తవి కావు, సిగ్గుపడనూ పడవు.

మన గమకం, స్వరాన్ని ఊపి, జార్చి పలికించే తీరు, అక్కడివారికి వింతగా ఉంటుందని భయపడుతున్నారు కదా. ఈ నాట్యానికి ప్రపంచమంతా గుర్తుపట్టే వాద్య బాణీ ఒకటుంది, పేరు 'ది స్ట్రిప్పర్'. డేవిడ్ రోజ్ 1958లో రికార్డు చేసి పెట్టగా, 1962లో విడుదలై అమెరికా పట్టికల్లో మొదటి స్థానానికి వెళ్లింది. అందులో మాట ఒక్కటీ లేదు. దాని ప్రాణమంతా ట్రాంబోన్ ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడంలోనూ, ఆ జారుకు డ్రమ్ము ఇచ్చే దెబ్బలోనూ ఉంది. జారు మన గమకాల్లో ఒకటేనని మీకు తెలుసు, నర్తకి భంగిమకు మృదంగం ముక్తాయించడమూ తెలుసు. కాబట్టి జారును ధైర్యంగా వాడండి. సన్నని కంపితాలు మాత్రం ఆ హోరులో ఎవరికీ వినబడవు.

హోరు అంటే నిజంగా హోరే. అక్కడ పెద్ద బేస్ పెట్టెలు ఉంటాయి, ఒంటరి వయొలిన్ తారస్థాయిలో వాయిస్తే సూది గుచ్చినట్టు ఉంటుంది. మంద్రంలో, కింది తీగల మీద ఎక్కువ నడపండి, కీబోర్డు మీద చెల్లో స్వరం తోడివ్వండి, మృదంగం తొప్పి (ఎడమ) వైపు నాదాన్ని పైకి తీయండి. పంపే ముందు ఇయర్‌ఫోన్లలో విని తృప్తిపడవద్దు. మీ ఊళ్లో పెళ్లి ఊరేగింపులకు డీజే పెట్టెలు అద్దెకిచ్చేవాళ్లు ఎవరైనా తెలిసినవాళ్లుంటే, పగటిపూట బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క పదినిమిషాలు మీ ట్రాకు వేయమనండి. కింది స్వరం మీ గుండెకు తగులుతోందా, పైస్వరం చెవిని కోస్తోందా అక్కడ తేలిపోతుంది.

హక్కుల మాట క్లుప్తంగా. సినిమా పాట నీడ కూడా పడనివ్వకండి. మన చట్టం ప్రకారం స్వరకర్త జీవించినంతకాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మీరు చేసినది మీది. దానిని ఆమె తన ప్రదర్శనలకు వాడుకోవచ్చునని, వేరొకరికి అమ్మరాదని, దానితో వీడియోలు చేయాలంటే మళ్లీ అడగాలని నాలుగు వాక్యాల ఈమెయిలు రాసుకోండి. సగం డబ్బు ముందు తీసుకోండి. మృదంగం ఎవరు వాయిస్తే వారి వాటా ఎంతో మొదటే చెప్పండి.

ఇంటి సంగతి నాకు సంగీతం కన్నా కష్టంగా ఉంది. మారుపేరుతో చేసి ఎవరికీ చెప్పకుండా ఉండవచ్చునా అని మీరు అడిగారు. చేయవచ్చు, చాలామంది చేస్తారు. కాని విజయనగరం చిన్న ఊరు, మీ కమాను పట్టు తెలిసినవాళ్లు మారుపేరు చాటున కూడా మిమ్మల్ని గుర్తుపడతారు. మూడేళ్ల తర్వాత వేరెవరో చెబితే అత్తగారికి కలిగే బాధ, మీరు ఇప్పుడు చెబితే కలిగే బాధకన్నా ఎక్కువ. మారుపేరు బయటివాళ్ల కోసం పెట్టుకోండి, ఇంట్లోవాళ్ల కోసం పెట్టుకోవద్దు. అత్తగారికి అమెరికా క్లబ్బుల వర్ణన అంతా అవసరం లేదు. "అక్కడ క్లబ్బుల్లో బట్టలు తక్కువగా వేసుకుని నాట్యం చేసే ఒకమ్మాయి సంగీతం అడిగింది, దేవుడి పాట ఇవ్వనన్నాను, వేరే బాణీ కట్టి ఇస్తున్నాను" అంటే అందులో అబద్ధం లేదు. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అది మీరు ముందే లెక్కలో వేసుకోవలసిన ఖర్చు. పాఠానికి వచ్చే పిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పి తీరాలని మాత్రం నేను అనను.

గురువుగారి విషయంలో నేను కాస్త వేరుగా ఆలోచిస్తాను. అనుమతి కోసం వెళితే ఆయనను ఇరకాటంలో పెట్టినట్టవుతుంది. అవునంటే ఆయన మాట పడాలి, కాదంటే మీరు చిన్నబుచ్చుకోవాలి. కట్టిన బాణీ పట్టుకెళ్లి వినిపించండి. ఎందుకు కట్టారో ఆయన అడిగితే చెప్పండి. వయొలిన్ సముద్రాలు దాటి వచ్చి మన చేతికి చిక్కి రెండు వందల ఏళ్లయింది, 1919 నుంచి మీ కళాశాలలో ద్వారం వేంకటస్వామి నాయుడుగారు ఆ పరాయి పెట్టెనే మన సంగీతానికి ఒదిగించి నేర్పారు. అలాంటి పరంపరలో కూర్చున్న పెద్దాయన ముందు స్వరం విని, ఆ తర్వాతే దాని చిరునామా అడుగుతారని నాకు నమ్మకం ఉంది. నా నమ్మకం తప్పయితే, ఆయన ఇంటి గడప కొన్నాళ్లు మీకు బరువుగా ఉంటుంది. దానికీ సిద్ధపడే వెళ్లండి.

ఇవాళ మీరు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. నిర్ణయం ఇంకా తీసుకోకపోయినా, ఆ యువతికి రెండు ముక్కలు రాయండి. కీర్తన ఎందుకు ఇవ్వలేరో చెప్పండి, కొత్తగా చేయడం గురించి ఆలోచిస్తున్నానని చెప్పండి. డీజే తన సొంత ట్రాకు వేయడానికి ఒప్పుకుంటాడా, పాటను ఎన్ని నిమిషాలకు తుంచుతాడు, తాను ఎక్కువగా స్తంభం మీద తిరుగుతుందా, నేల మీద ఆడుతుందా, వేసుకునే చెప్పుల మడమ ఎంత ఎత్తు అని అడగండి. ఎనిమిది అంగుళాల మడమ మీద నడిచే మనిషికి 96 అక్షరాల నడక వేగం కావచ్చు, అప్పుడు 88కి దించవలసి వస్తుంది. ఆ జవాబు వచ్చాక కీరవాణిలో ఒక నలభై సెకన్లు కట్టి చూసుకోండి. కట్టేటప్పుడు మీ చేయి ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి.